అంకెకు కొటేషన్లు పెట్టు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష తేటగా ఉంది. కానీ మూడో పేరాలో "పెద్ద దశాంశాల దగ్గర కంప్యూటర్ లెక్క తప్పుతుంది" అన్నావే, ఆ వాక్యం కొట్టెయ్యి. నీ ఉదాహరణలో లెక్క తప్పలేదు. నువ్వు రాసిన సంఖ్య అసలు లోపలికే వెళ్లలేదు.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో 123456789012345678.90 అని నేరుగా రాస్తే అది 64 బిట్ల ఫ్లోట్ అవుతుంది, అంటే సంఖ్యను 64 సున్నా-ఒకట్లలో పట్టినంత దగ్గరి విలువగా దాచే రూపం. అందులో అంకెలకు దక్కేది 53 బిట్లు, ఖాయంగా నిలిచేవి 15 అంకెలే. అంత పెద్ద సంఖ్యల దగ్గర ఒక ఫ్లోట్‌కీ పక్కదానికీ మధ్య ఎడం 16. అందుకే మెమరీలో చేరింది 123456789012345680. పైసలే కాదు, రూపాయలూ మారిపోయాయి. ఇంకా ఒక్క కూడిక కూడా జరగలేదు. ఆ తర్వాత రౌండ్ చేస్తే పోయినవి ఎక్కణ్ణుంచి వస్తాయి?

అంకెలను ఉన్నవి ఉన్నట్టు దాచే డెసిమల్ రకం పైథాన్‌లో ఉంది. కానీ నువ్వు చెప్పిన మందు, డెసిమల్(0.1), కూడా పనిచేయదు. బ్రాకెట్లోని 0.1 ముందే ఫ్లోట్ అయిపోయింది. చేతికొచ్చేది ఇది:

0.1000000000000000055511151231257827021181583404541015625

డెసిమల్("0.1") అని రాయాలి. కొటేషన్లు పెడితే అది స్ట్రింగ్‌గా, అంటే ఉత్త అక్షరాలుగా వెళ్తుంది, దారిలో ఫ్లోట్ కాదు. జావా భాషలో ఇలాంటిదే అయిన బిగ్‌డెసిమల్‌కూ ఇదే నియమం. అంకెలు ఎక్కువైతే పాఠకులు పారిపోతారని సంపాదకులు పై సంఖ్య తోకను మూడు చుక్కలకు కుదిస్తారు. ఒప్పుకోకు, విషయమంతా ఆ తోకలోనే ఉంది. 0.1కి 0.2 కలిపి 0.30000000000000004 చూపించి వ్యాసం ముగించడం ఇప్పటి ఫ్యాషన్. ఆ రెండూ కూడకముందే మారిపోయాయన్న సంగతి అందులో ఎక్కడా కనబడదు.

కొటేషన్లు పెట్టాక ఇంకో గుంట ఉంది. పైథాన్ డెసిమల్ సంఖ్యను తీసుకునేటప్పుడు అంకెలన్నీ ఉంచుతుంది, గుణించేటప్పుడు మాత్రం ఫలితాన్ని 28 అంకెలకు కుదిస్తుంది. 20 అంకెల సంఖ్యలు రెండు గుణిస్తే 40 అంకెల దాకా రావచ్చు కాబట్టి ప్రెసిషన్‌ను, అంటే ఫలితంలో ఉంచే అంకెల లెక్కను, ముందే 50కి పెంచు. జావాలో రౌండింగ్ చెప్పకుండా బిగ్‌డెసిమల్ 1ని 3తో భాగిస్తే ఎక్సెప్షన్ వస్తుంది, అంటే తప్పు చెప్పి ఆగిపోతుంది. చప్పుడు లేకుండా కోసేయడం కన్నా అదే నయం.

ప్రోగ్రాములు ఒకదానికొకటి డేటా పంపుకునే రూపం జేసన్ గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. 9007199254740993ను సంఖ్యగా పంపితే జావాస్క్రిప్ట్ చివరి 3ను 2గా చదువుతుంది. స్ట్రింగ్‌గా పంపాలి. పైథాన్ వైపు దశాంశాలు చదివేటప్పుడు పార్స్_ఫ్లోట్ అనే ఆప్షన్‌కు డెసిమల్ ఇవ్వాలి. డేటాబేస్ కాలమ్ డబుల్ (అదే 64 బిట్ల ఫ్లోట్) అయితే ఈ జాగ్రత్తలన్నీ వృథా, డెసిమల్ అని పెట్టు.

సి++ గురించి అడిగినవి మరోసారి చూద్దాం. ముందు నీ పట్టికలో ప్రతి సంఖ్యకూ కొటేషన్లు పెట్టి మళ్లీ నడుపు. వచ్చిన అంకెలు ఒక్కటీ వదలకుండా రాసి పంపు.