మళ్లీ వైండింగా, కొత్త మోటారా?

ప్రశ్న: మాది హన్మకొండ. పైన మేముంటాం, కింద రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. బోరులో 2014లో దించిన ఒకటిన్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు 2021లో కాలింది. వైండింగ్ చేయిస్తే మూడేళ్లు నడిచింది. రెండోసారి చేయించింది 14 నెలలకే పోయింది. మళ్లీ వైండింగ్‌కు 6,500, కొత్తదైతే 24,000 అంటున్నాడు మెకానిక్. పైకి తీసి దించడానికి ఎలాగూ 3,500. చేతిలో డబ్బు లేదు. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టాలా, 50,000 ఎఫ్‌డీ తీయాలా?

జవాబు: కొత్తదే కొనండి. వైండింగ్‌కు కూలీతో కలిపి 10,000. పోయినసారిలా 14 నెలలే నడిస్తే నెలకు 714 రూపాయలు పడ్డట్టు. కొత్తది కూలీతో 27,500. మీ మొదటి మోటారులా ఏడేళ్లు వచ్చినా నెలకు 327. 2021లో వైండింగ్ చేయించడం తప్పు కాదు లెండి. మూడోసారి మాత్రం వద్దు.

ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి. పైపులు పైకి తీసిన రోజే తాడుకు బరువు కట్టి బోరులోకి వదిలి, నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో కొలిపించండి. నీళ్లు కిందికి దిగిపోయి ఉంటే పాత లెక్కకే మోటారు తెచ్చి దించడం దండగ. నీళ్లందక ఉత్తినే తిరిగి అదీ కాలుతుంది.

డబ్బుకు ఎఫ్‌డీనే తీయండి. గడువుకు ముందే తీస్తే, డబ్బు ఉంచినన్నాళ్లకు వర్తించే వడ్డీ రేటులో బ్యాంకులు సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం కోస్తాయి, అంతే. కార్డు ఈఎంఐకి వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు. మిగిలిన 22,500 మళ్లీ ఎఫ్‌డీ వేసేయండి.

అద్దె ఆదాయంలో మోటారు బిల్లును విడిగా చూపించి పన్ను తగ్గించుకోలేరు. మునిసిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయిస్తున్నది ఇలాంటి రిపేర్లను కూడా కలుపుకునే. మనమేమో ఆ డబ్బును ఇంటిఖర్చులో కలిపేసి, మోటారు కాలిన రోజు తల పట్టుకుంటాం. వచ్చే నెల అద్దె రాగానే 500తో ఆర్‌డీ మొదలుపెట్టండి. ఏడేళ్లలో అసలే 42,000 అవుతుంది.

ఇక మోటారు ఆయుష్షు స్టార్టర్ డబ్బా దగ్గరే తెలుస్తుంది. కొత్తది దించిన రోజు ఆంప్స్ ముల్లు, అంటే మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూపే ముల్లు, ఎక్కడ ఆగిందో డబ్బా తలుపు లోపల పెన్నుతో రాసిపెట్టండి. తర్వాత ముల్లు అంతకంటే పైకి పోతుంటే లో వోల్టేజీ అయినా ఉండాలి, పంపు ఇసుకతో పట్టేసైనా ఉండాలి. ఒక్కసారిగా పడిపోతే నీళ్లందడం లేదన్నమాట, వెంటనే ఆపేయండి. నీళ్లు లేకపోతే తనంతట తానే ఆగిపోయే డ్రై రన్ ప్రివెంటర్ పెట్టించండి, అక్కడ పిసినారితనం వద్దు. ట్యాంకు కాస్త తగ్గినప్పుడల్లా స్విచ్చి వేయకుండా, ఒకేసారి నింపమని కిందివాళ్లకూ చెప్పండి. స్టార్ట్ అయిన ప్రతిసారీ వైండింగ్ వేడెక్కుతుంది.

పాత మోటారును మెకానిక్ ఊరికే పట్టుకుపోతానంటాడు. ఇవ్వకండి. లోపలి రాగి తీగకు తూకం ధర ఉంది, కొత్తదాని బిల్లులో తగ్గించమనండి.