వాళ్లు ఎక్కడ పడుకుంటారు? – ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి చేతిలో ఎర్ర పెన్సిలు పెట్టుకుని. ఐర్లండ్‌లోని గాల్వేలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజున బస్సెక్కి వెళ్లి, మేయో కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కొండవాలు మీద పైకప్పు లేని రాతి ఇల్లు ఒకటి చూసి, దాని మీద తెలుగులో కథ రాయాలని నీకు అనిపించడమే నాకు ముచ్చటగా ఉంది. అంత దూరం వెళ్లిన మనవాళ్లు రాసేది చాలావరకు గోంగూర మీద బెంగే కదా. నువ్వు పొరుగువాళ్ల ఇంట్లోకి తొంగిచూశావు. అయితే గడపదాకా వచ్చి ఆగిపోయావు. ఇంత పొడుగు ఉత్తరం అందుకే రాస్తున్నాను.

మొదటి పేరాలోనే ‘ఆ గుడిసెలో దారిద్ర్యం తాండవించేది’ అన్నావు. దానికి నాట్యం ఎవరు నేర్పారో గాని, మన కథల్లో దారిద్ర్యం తాండవించడం ఇంకా ఆపలేదు. నా ఇరవై నాలుగో ఏట నేనూ ఆడించాను. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ కథను తిప్పి పంపుతూ అంచున పెన్సిలుతో ఒక్క ప్రశ్న రాశారు: ‘ఏడుగురు అన్నారు, ఒకటే గది అన్నారు. వీళ్లు ఎక్కడ పడుకుంటారు?’ ఒళ్లు మండింది. నాలుగు రోజులు గడిచాక గాని, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదని ఒప్పుకోలేకపోయాను. ఇప్పుడు అదే ప్రశ్న నిన్ను అడుగుతున్నాను. నీ ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారు. ఎక్కడ పడుకుంటారు?

జవాబు దొరుకుతుంది. ఒంటిగది ఇళ్లలో నిద్రపోయే వరస గురించి అక్కడి పాత వర్ణన ఒకటి ఉంది. నేల మీద ఎండుగడ్డి పరిచేవారు. తలుపుకు అందనంత దూరంగా, గోడవారన పెద్ద కూతురు. ఆమె పక్కన వయసు వరసలో చెల్లెళ్లు, తర్వాత తల్లి, తండ్రి, ఆపైన కొడుకులు. అందరికీ ఇవతల, ఆ రాత్రి తలదాచుకోవడానికి వచ్చిన పరాయివాడు. ఊళ్లు తిరిగే దర్జీయో, గంపలో సరుకు అమ్ముకునేవాడో, బిచ్చగాడో. అమ్మాయీ, ఆ వరసను కళ్లు మూసుకుని ఒకసారి చూడు. ఆడపిల్లకు కాపలా ఉంది, బిచ్చగాడికి చోటు ఉంది. ‘వాళ్లు పేదవాళ్లయినా మర్యాదస్తులు’ అని నువ్వు మూడో పేజీలో రాసిన వాక్యాన్ని ఇక నిశ్చింతగా కొట్టేయవచ్చు.

తర్వాతి సంగతి, నీ కథలో రచ్చబండ ఉంది. ‘ఊరి నడిబొడ్డున చెట్టు కింద పెద్దలు కూర్చుని ఉన్నారు’ అన్నావు. అది నీ అమ్మమ్మగారి ఊరు. టౌన్‌ల్యాండ్‌ అంటే ఊరు అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అది ఎల్లలు ఉన్న నేల, దానికొక పేరు, అంతే. ఐర్లండ్‌లో అరవై వేలకు పైగా ఉన్నాయి. కొన్నిటిలో ఇరవై ఇళ్లు, కొన్నిటిలో రెండు, కొన్నిటిలో ఒక్కటీ లేదు. పడమటి తీరంలో కొన్నిచోట్ల చుట్టాల ఇళ్లు గుంపుగా ఉండేవి గాని, ఆ గుంపుకూ గుడి, అంగడి ఉండేవి కావు. మనుషులు కలిసేది నాలుగు దారులు కూడేచోట, కమ్మరి కొలిమి దగ్గర, ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి గేటు ముందు. రాత్రిళ్లు ఎవరో ఒకరి ఇంట్లో చేరేవారు. కథలు బాగా చెప్పేవాడు, లేదా నలుగురు వస్తే విసుక్కోని ఇల్లాలు ఉన్న ఇల్లు చాలు.

ఆ నేలల పేర్లు వదలకు. ‘నాక్’ అంటే కొండ, ‘డెర్రీ’ అంటే ఓక్ చెట్ల తోపు, ‘బ్యాలీ’ అంటే మన పల్లి, పాడు లాంటిదే. 1824లో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వేలో, అంటే పటాలు గీయడానికి ప్రభుత్వం చేసిన కొలతల్లో, ఈ ఐరిష్ పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లోకి దింపి పటాల మీద ఎక్కించారు. నీ కథలో ముసలావిడ ఆ పేరును ఒకలా పలుకుతుంది, కౌలు వసూలుకు వచ్చిన గుమాస్తా ఇంకొకలా పలుకుతాడు. దాని మీదే ఒక పేజీ రాయవచ్చు నువ్వు.

పొయ్యి దగ్గర ఇంకా పెద్ద పొరపాటు చేశావు. ‘రాత్రి పొయ్యి ఆర్పి పడుకున్నారు’ అట. ఆ ఇళ్లలో ఎవరైనా ఈ వాక్యం వింటే ఉలిక్కిపడతారు. అక్కడ పొయ్యి ఆరకూడదు. రాత్రి నిప్పుకణికలను బూడిదతో కప్పి, అక్కడివాళ్లు కొలిచే పునీతురాలు సెయింట్ బ్రిజిడ్ పేరు తలుచుకుని పడుకునేవారు. తెల్లవారి బూడిద తొలగిస్తే లోపల ఎర్రగా ఉండాలి. మే నెల మొదటి రోజున ఎవరైనా నిప్పు అడిగితే ఇచ్చేవారు కాదు, ఇంటి అదృష్టం దాంతోపాటే పోతుందని. మన ఇళ్లలో దీపాలు పెట్టాక ఉప్పు, పెరుగు ఇవ్వరు కదా, నీకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ పొయ్యిలో మండేది కట్టెలు కావు, టర్ఫ్. వేల ఏళ్లుగా బురదనేలలో నాని పేరుకుపోయిన మొక్కల పొరను రెక్క ఉన్న సన్నటి పారతో ఇటుకల్లా కోసి, ఎండకూ గాలికీ నాలుగైదేసి నిలబెట్టి ఆరబెట్టి, ఇంటి పక్కన వామిలా పేర్చుకునేవారు. వేసవి వానలు ముంచెత్తితే ఆ ఏడు చలికాలం నిప్పు లేనట్టే. మనవాళ్ల పిడకల కష్టం గుర్తుచేసుకుని రాస్తే వాసన దానంతట అదే వస్తుంది. పొగ వాసన అని రాసి వదిలేయకు. కొన్ని ఇళ్లకు పొగగొట్టం కూడా ఉండేది కాదు. పొగ తలుపులోంచే బయటికి పోయేది, కూర్చున్నవాళ్లు తల వంచుకుని కింద కూర్చునేది అందుకే.

ఇక తిండి. నీ కథలో పిల్లవాడు ‘రొట్టెముక్క కోసం’ ఏడుస్తాడు. ఆ పిల్లవాడు ఏడ్చేది బంగాళాదుంప కోసం. మూడు కాళ్ల ఇనుప కుండలో దుంపలు ఉడికించి, నీళ్లు ఓడ్చడానికి తట్టలో పోసి, ఆ తట్టనే కుండ మూతి మీద పెట్టి చుట్టూ చేరేవారు. బల్ల లేదు, పళ్లేలు లేవు. తొక్క బొటనవేలి గోటితో ఒలిచేవారు, అందుకోసమే గోరు పెంచుకునేవారు కూడా. దుంపను ఉప్పునీళ్లలో అద్దుకోవడం, ఉంటే ఒక గుక్క మజ్జిగ. పని చేసే మగవాడు రోజుకు ఐదారు కిలోల దాకా తినేవాడంటే మొదట నేనూ నమ్మలేదు. మరేమీ లేనప్పుడు అన్ని తినవలసిందే మరి. పాత దుంపలు అయిపోయి కొత్తవి ఊరని జులై, ఆగస్టుల్లో పస్తులు. 1845లో తెగులు వచ్చి పొలాలు నల్లబడకముందే ఏటేటా ఆ చిన్న కరువు ఉండేది. నీ కథ పెద్ద కరువుతో మొదలవుతుంది. ఒక మామూలు జులైతో మొదలుపెట్టి చూడు.

పంది గురించి నీ మాటలు నాకు నచ్చలేదు. ‘పందితోపాటే బతికే అపరిశుభ్రమైన జీవితం’ అని రాశావు. ఆనాటి ఇంగ్లిష్ ప్రయాణికులు ఇలాగే ముక్కు మూసుకుని రాశారు, నువ్వు వాళ్ల చూపును అరువు తెచ్చుకున్నావు. ఐర్లండ్‌లో పందిని ‘కౌలు కట్టే పెద్దమనిషి’ అనేవారు. చితికిన దుంపలు, తొక్కలు తిని పెరిగి, సంతలో అమ్ముడుపోయి, భూస్వామి బాకీ తీర్చేది అదే. అది చలికి చస్తే ఇల్లు ఖాళీ చేయాల్సిందే. ఇంట్లో ధాన్యం మూటను మనం ఎక్కడ పెట్టుకుంటాం? వాకిట్లో పెంటకుప్ప కూడా అంతే, అది వచ్చే ఏటి పంట. రైతుబిడ్డవు, నీకు ఇంత కోపం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు.

అయితే పంది అందరి దగ్గరా ఉందనుకోకు. 1837లో డొనెగల్ కౌంటీ గ్వీడోర్‌లో ప్యాట్రిక్ మెకై అనే బడిపంతులు తన పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) ప్రజల కోసం, ఐర్లండ్‌లో బ్రిటిష్ రాజప్రతినిధి అయిన లార్డ్ లెఫ్టినెంట్‌కు అర్జీ రాశాడు. అందులో ఆ వేలమంది దగ్గర ఉన్నవాటిని లెక్కపెట్టాడు. బండి ఒకటి. నాగలి ఒకటి. కుర్చీలు 93. ముక్కాలిపీటలు 243. భోజనం ఫోర్కులు 7. ఈకల పరుపులు 2, ఊక పరుపులు 8. జేబు గడియారాలు 3, గోడ గడియారం లేదు. పందులు లేవు. పండ్లచెట్లు లేవు. గుడి, బడి, మతగురువు ఇల్లు, పోలీసు ఠాణా లాంటివి నాలుగైదు తీసేస్తే పారిష్ మొత్తం కిటికీల్లో ఉన్న గాజు పది చదరపు అడుగులకు మించదు.

ఈ జాబితాను నా రాతబల్ల ఎదురుగా అంటించుకున్నాను. అర్జీ మొదట్లో ఆకలి, కట్టుబట్ట కరువు అన్న మాటలు కూడా ఉన్నాయి. అవి ఎవరికీ గుర్తుండవు. ఏడు ఫోర్కులు మాత్రం మరిచిపోలేం. ఆ ఫోర్కులు ఎవరివి? మూడు గడియారాల్లో ఒకటి మతగురువుదై ఉంటుంది, మరి మిగతా రెండు? పంతులు సాయం అడగడానికి రాశాడు కాబట్టి లేనివాటి మీద ఒత్తి రాశాడు. పాటలు ఎన్ని, పొడుపుకథలు ఎన్ని, ఎవరు ఎవరికి ఎన్ని రోజుల పని బాకీ అన్నది ఆయన లెక్కలో లేదు. ఎవరు లెక్క రాసినా ఎందుకు రాశారో ముందు చూడు.

ప్రభుత్వ లెక్కల్లోనూ అదే జాగ్రత్త. 1841 జనగణన ఇళ్లను నాలుగు తరగతులు చేసింది. నాలుగోది ఒక్క గది మట్టి గుడిసె. అలాంటివి 4,91,278. పదేళ్లకు అవి 1,35,589కి తగ్గాయి. గుడిసెలు పోయి మంచి ఇళ్లు వచ్చాయని మురిసిపోతావేమో. చాలావరకు గుడిసెల్లోని మనుషులే పోయారు. ఆ పెద్ద కరువులో పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కారు. కౌలు కట్టలేనివాళ్లను గెంటేసి పైకప్పులు కూలగొట్టారు. ఇంత పెద్ద విధ్వంసాన్ని పక్కపక్కన ఉన్న రెండు గడులు ఎంత మర్యాదగా చెబుతున్నాయో చూడు.

ఇంటింటి కాగితాలు కావాలంటే 1901, 1911 జనగణన ఫారాలున్నాయి. నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. అంతకుముందువి దాదాపు దొరకవు. 1851 దాకా ఉన్నవాటిలో చాలావరకు 1922లో డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల దగ్గర లేచిన మంటల్లో కాలిపోయాయి, తర్వాతి నాలుగింటిని ప్రభుత్వమే నాశనం చేసింది. మిగిలినవాటిలో ఇంటి ఫారం తెరువు. గోడ రాయిదైతే 1, మట్టిదైతే 0. కప్పు పలకరాయిదైతే 1, గడ్డిదైతే 0. గదులకు కొన్ని మార్కులు, ముందువైపు ఎన్ని కిటికీలుంటే అన్ని మార్కులు. రాతిగోడలు, గడ్డికప్పు, రెండు గదులు, రెండు కిటికీలు ఉన్న నీ ఇంటికి ఐదు వస్తాయి, అంటే మూడో తరగతి. గడ్డి తీసి పలకలు వేయిస్తే ఆరు, రెండో తరగతి. అమెరికా నుంచి కూతురు పంపిన డాలర్లతో కప్పు మారిందనుకో. పోలీసు గేటు దగ్గర నిలబడి లెక్క వేసుకుంటుంటే ఆ తండ్రి ముఖం ఎలా ఉంటుంది? లెక్కలు రాసుకోవడానికి వచ్చేది పోలీసులే, అది కూడా మరిచిపోకు.

మనుషుల ఫారంలో చదువు గడి చూడు. తాతకు చదవడం రాదు, ఐరిష్ వచ్చు. పదకొండేళ్ల మనవరాలికి చదవడం, రాయడం వచ్చు. అమెరికా ఉత్తరం వస్తే ఇంటిల్లిపాదికీ చదివి వినిపించేది ఆ పిల్లే. ఏ వాక్యం దాటేసి చదువుతుంది?

వయసులు మాత్రం నమ్మకు. 1901లో 58 ఉన్నవాడు 1911లో హఠాత్తుగా 72కు చేరతాడు. మధ్యలో 1909 జనవరి 1 నుంచి వృద్ధాప్య పింఛను వచ్చింది, డెబ్బై నిండినవారికి వారానికి ఐదు షిల్లింగుల దాకా. 1864కు ముందు జననాల నమోదు లేదు కాబట్టి రుజువు చూపించడం కష్టం. అప్పుడు 1839 జనవరి 6 రాత్రి వచ్చిన పెనుగాలి అక్కరకొచ్చింది. ‘ఆ రాత్రి నాకు గుర్తుంది’ అంటే డెబ్బై దాటినట్టే. మా వైపు ముసలివాళ్లు ‘దివిసీమ ఉప్పెన నాటికి నాకు ఇద్దరు పిల్లలు’ అనడం నువ్వూ వినే ఉంటావు. నీ కథలో ముసలాయన ఎన్నడూ చూడని గాలిని పింఛను అధికారికి వర్ణించి చెప్పే సన్నివేశం పెట్టగలవా? నీకు హాస్యం వచ్చు, ఈ కథలో ఎందుకో దాచుకున్నావు.

1911 ఫారంలో కొత్తగా వచ్చిన గడుల్లో రెండు చూడు. పుట్టిన పిల్లలు ఎందరు, బతికున్నది ఎందరు. ఇవి భర్త ఉన్న స్త్రీలు మాత్రమే పూరించాలని నిబంధన. కాని చాలాచోట్ల వితంతువులు కూడా రాయించారు. తర్వాత పరిశీలించినవాళ్లు నిబంధన ప్రకారం ఆ అంకెల మీద అడ్డగీత కొట్టారు. స్కాన్ పెద్దది చేసి చూస్తే గీత కింద అంకెలు కనిపిస్తాయి. పదకొండు, ఆరు. నీ కథలో ముసలావిడ వితంతువు. ఆమె ఆ అంకెలు చెబుతున్నప్పుడు పొయ్యి దగ్గర ఎవరున్నారో, ఆమె చేతిలో ఏ పని ఉందో తేల్చుకో. ఆమె ఏడ్చిందని మాత్రం రాయకు.

ఇంకొక దారి చెప్పి ముగిస్తాను. 1937 నుంచి 1939 వరకు సుమారు 50,000 మంది బడిపిల్లలు తమ ఇళ్లలోని పెద్దవాళ్లను అడిగి, పాత ఇళ్లు, తిండి, వైద్యాలు, దయ్యాల సంగతులు నోటుపుస్తకాల్లో రాశారు. వాటినీ ఆన్‌లైన్‌లో పెట్టారు, మేయో అని వెతుకు. మేయోలోనే క్యాసిల్‌బార్ పట్టణం దగ్గర టర్లోలో గ్రామీణ జీవితపు మ్యూజియం ఉంది, టికెట్ లేదు. మూడేళ్ల కిందట మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు వెళ్లాను. అక్కడి గడ్డితాళ్ల ముందు నిలబడి, మా తాత మోకు పేనేటప్పుడు ఒక కొస పట్టుకోమని నన్ను కూర్చోబెట్టడం గుర్తొచ్చి, మిగతా గదులు సరిగ్గా చూడకుండానే వచ్చేశాను. నువ్వు చూసి రాయి.

తిరగరాశాక మెయిల్‌లోనే పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కుడికంటికి ఆపరేషన్ అయింది. అన్నట్టు, నువ్వు చూసిన ఇంటికి ముందువైపు కిటికీలు ఎన్ని? ఫోటోలో ఒకటే కనిపిస్తోంది, రెండోది పొద చాటున ఉందా?

ఆశీస్సులతో,
మీ మాస్టారు