ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పా?

పైరసీ చేసే దొంగను పట్టుకోవాలిగానీ, ఆ పేరుతో సైట్లకు సైట్లే మూయకూడదని గత సంచికలో ఒక పాఠకురాలికి నేను రాసిన జవాబుకు చాలా ఉత్తరాలొచ్చాయి. కొందరు మెచ్చుకున్నారు, కొందరు గట్టిగానే మందలించారు. ఎక్కువ భాగం మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచే. చట్టం గురించి, నెట్ స్వేచ్ఛ గురించి అడిగినవాటికే ఈసారి చోటిస్తున్నాను.

మేడమ్, 2012లో పైరసీ చట్టానికి వ్యతిరేకంగా అమెరికాలో వెబ్‌సైట్లు నల్లగా మారిపోయాయని మా సార్ చెప్పి, సెమినార్ పేపర్ రాయమన్నారు. దొంగతనాన్ని ఆపే చట్టమైతే అంతమంది ఎందుకు వద్దన్నారు? ఆ నిరసన వల్ల ఒరిగిందేమిటి?
— డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి

బాబూ, ముందు పేపర్లో ‘చట్టం’ అని రాయకు. అవి బిల్లుల దగ్గరే ఆగిపోయాయి. సెనేట్‌లో 2011 మే నెలలో పాట్రిక్ లేహీ పెట్టింది పిపా (ప్రొటెక్ట్ ఐపీ యాక్ట్). ప్రతినిధుల సభలో అక్టోబరులో లామార్ స్మిత్ పెట్టింది సోపా (స్టాప్ ఆన్‌లైన్ పైరసీ యాక్ట్).

వేరే దేశంలో కూర్చుని అమెరికా సినిమాలు, పాటలు దొంగిలించి పెట్టేవాళ్ళను అమెరికా పోలీసులు నేరుగా పట్టుకోలేరు. అందుకని ఆ సైటుకు వెళ్ళే దారులన్నీ మూయిద్దామనుకున్నారు. ఆ పేరు టైప్ చేస్తే సైటు తెరుచుకోకుండా ఇంటర్నెట్ కంపెనీలు చూడాలి. సెర్చ్‌లో అది కనబడకూడదు. దానికి ప్రకటనలు, డబ్బు చెల్లింపులు ఆగిపోవాలి. సోపా ఇంకాస్త ముందుకెళ్ళింది. హక్కుదారు ఒక నోటీసు పంపితే చాలు, కోర్టు దాకా వెళ్ళకుండానే ఐదు రోజుల్లో ప్రకటనలూ చెల్లింపులూ నిలిపేయాలని రాశారు. పేచీ అక్కడే వచ్చింది. లక్షలమంది రాసే సైటులో ఎవరో ఒకరు ఒక దొంగ లింకు పెట్టినా, మొత్తం సైటు మెడకు చుట్టుకునేంత వదులుగా ఉంది ఆ బిల్లు భాష. తప్పు చేశావని చెప్పి, నీ సంజాయిషీ ఏమిటని అడిగే ఏర్పాటు సరిగా లేదు.

2012 జనవరి 18న ఇంగ్లిష్ వికీపీడియా ఒక రోజంతా మూసుకుంది. మన టైములో పొద్దున్న పదిన్నరకు మొదలై మర్నాడు పదిన్నర దాకా. అప్పుడు నేను విజయనగరంలో కాలేజీ లైబ్రేరియన్ని. ప్రాజెక్టు వర్కు కోసం వచ్చిన పిల్లలు నల్లటి పేజీ చూసి కంప్యూటర్ పాడైందని నన్ను పిలిచారు. ఆ పేజీలో అమెరికా పాఠకులు తమ పిన్‌కోడు లాంటి నంబరు కొడితే, వాళ్ళ ప్రతినిధి ఎవరో, ఏ ఫోనుకు చెయ్యాలో వచ్చేది. నీ పేపర్లో ఈ సంగతి తప్పకుండా రాయి. సుమారు 80 లక్షలమంది అలా వెతికారు. గూగుల్ తన పేరు మీద నల్ల పట్టీ వేసి పెట్టిన విజ్ఞప్తి మీద 70 లక్షలమంది సంతకాలు చేశారు. జనవరి 20కల్లా రెండు బిల్లులూ వాయిదా పడ్డాయి, మళ్ళీ లేవలేదు. గూగుల్‌కు సొంత వ్యాపార ప్రయోజనాలున్నాయి, కాదనను. ప్రకటనలే వేసుకోని వికీపీడియాకు అలాంటివేమీ లేవు.

ఇంకో తేదీ కూడా రాసుకో. నిరసన జరిగిన మర్నాడే, జనవరి 19న, మెగాఅప్‌లోడ్ అనే పెద్ద ఫైళ్ళ సైటును అమెరికా ప్రభుత్వం అప్పటికే ఉన్న చట్టాలతో మూయించింది. మరి కొత్త బిల్లు ఎందుకని జనం అడగరా? ఆ తర్వాత యూరప్‌లో ఆక్టా అనే, నకిలీ సరుకునూ పైరసీనీ అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం మీద గొడవ రేగింది. పోలండ్‌లో కుర్రకారు ఎముకలు కొరికే చలిలో రోడ్డెక్కారు. జులై 4న యూరప్ పార్లమెంటు దాన్ని 478–39 ఓట్లతో తిప్పికొట్టింది.

మన దగ్గర ఇలాంటివి సాగవని అనుకోవద్దు. 2015లో నెట్ న్యూట్రాలిటీ, అంటే అన్ని సైట్లనూ ఒకేలా చూడాలన్న నియమం మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. ఒక సైటుకు ఒక రేటు, ఇంకో సైటుకు ఇంకో రేటు పెట్టకూడదని 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చింది.

ఫోన్లో పైరసీ సినిమా చూసినా జైలేనని వాట్సాప్‌లో వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
— గృహిణి, రాజాం

చూసినంతమాత్రాన నేరం కాదమ్మా. 2016లో, మూసేసిన సైట్లు తెరిస్తే చూడడమే శిక్షార్హమన్నట్టు ఒక హెచ్చరిక కనబడేది. అది సరికాదని, అనుమతి లేకుండా పంచడం, జనానికి ప్రదర్శించడం, అమ్మడం, అద్దెకివ్వడం నేరమని బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్ అప్పుడే చెప్పారు. కానీ దించుకున్న సినిమాను చుట్టాల గ్రూపులో పెట్టారంటే అది పంచడమే. ఆ పని మాన్పించండి.

ఇంటర్నెట్ స్వేచ్ఛ అంటూ మీలాంటి చదువుకున్నవాళ్ళు దొంగలకు గొడుగు పడుతున్నారు. శుక్రవారం బొమ్మ పడితే శనివారానికి ఊరందరి ఫోన్లలోకీ వచ్చేస్తోంది. 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఐబొమ్మ అనే పైరసీ సైటు కేసులో ఒకతన్ని అరెస్టు చేస్తే, నెట్‌లో జనం ఆ మనిషిని హీరోను చేశారు. మా గతేమిటి?
— థియేటర్ లీజుదారు, ఆమదాలవలస

మీ బాధ నిజం, దాన్ని తేలిగ్గా తీసుకునే మనిషిని కాదు. హాలు ఖాళీగా ఉంటే నష్టపోయేది హీరో ఒక్కడే కాదు. ఆపరేటరు, గేటు దగ్గర టికెట్ చింపే మనిషి, ఇంటర్వెల్లో సమోసాలు అమ్మే కుర్రాడు, స్టాండులో బళ్ళు చూసుకునే ముసలాయన, అందరి పొట్టా కొట్టినట్టే. టికెట్ రేట్లు మండిపోతున్నాయన్న కోపం న్యాయమే కావచ్చు. అంతమాత్రాన ఇంకొకరి కష్టాన్ని ఎత్తుకొచ్చి పంచడాన్ని మెచ్చుకోవడం నాకు మింగుడుపడదు. ఆ అరెస్టునూ నేను తప్పుపట్టను. ఫలానా మనిషి, ఫలానా నేరం అని ఆధారాలు చూపించి, కోర్టులో నిలబెట్టి, అతని వాదన కూడా విని తీర్పు చెప్పమనే నేను మొదటినుంచీ అంటున్నాను.

నాకు భయం వేసేది వేరే పద్ధతిని చూసి. 2012లో తమిళ ‘3’, తెలుగు ‘దమ్ము’ సినిమాల కోసం చెన్నై కంపెనీ ఒకటి మద్రాసు హైకోర్టుకు వెళ్ళి, పేరూ ఊరూ తెలియని ప్రతివాదుల మీద ఉత్తర్వు తెచ్చుకుంది. దాన్ని చూపించేసరికి మే నెలలో కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు దొంగ లింకులతో ఆగలేదు, సైట్లకు సైట్లే మూసేశాయి. వీమియో, డైలీమోషన్ అనే వీడియో సైట్లు కూడా అందులో పోయాయి. సొంతంగా తీసిన షార్ట్ ఫిల్ములు అక్కడ దాచుకున్న కుర్రాళ్ళకు ‘దమ్ము’తో ఏం సంబంధం? జూన్ 9న ముంబయి, ఢిల్లీ, బెంగళూరు వంటి నగరాల్లో యువకులు తెల్ల మాస్కులు పెట్టుకుని వీధుల్లోకి వచ్చారు. అనానిమస్ అనే హ్యాకర్ల గుంపు పేరుతో కొందరు సైట్లను హ్యాక్ చేశారు కూడా. అలా పడగొట్టడాన్ని నేను సమర్థించను, దానివల్ల వీధిలో నిలబడినవాళ్ళ మాటకే విలువ తగ్గుతుంది. చివరికి జూన్ 22న హైకోర్టే వివరణ ఇచ్చింది. దొంగ సినిమా ఉన్న ఆ ఫలానా లింకును మూయాలి, మొత్తం సైటును కాదు.

ఇప్పుడు మీ చేతిలో అంతకంటే పదునైన చట్టం ఉంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. హాల్లో దొంగతనంగా రికార్డు చేస్తే కనీసం మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. జరిమానా మూడు లక్షలకు తగ్గదు, సినిమా నిర్మాణ ఖర్చులో ఐదు శాతం దాకా వెయ్యొచ్చు. ఇప్పటి డిజిటల్ ప్రింట్లలో కంటికి కనబడని గుర్తులుంటాయి. బయటికొచ్చిన కాపీ ఏ హాల్లో, ఏ ఆటలో తీశారో వాటిని బట్టి పట్టుకుంటారు. అందుకే మీ హాల్లో ఫోను పైకెత్తినవాణ్ణి ఉపేక్షించకండి, రేపు మీ పేరే బయటికొస్తుంది.

అదే ఏడు నవంబరులో కేంద్రం పైరసీ ఫిర్యాదులు చూడడానికి 12 మంది నోడల్ అధికారులను పెట్టింది. ఫిర్యాదు అందితే 48 గంటల్లో లింకు తీయిస్తారు. విడుదల రోజున కోర్టు చుట్టూ తిరగలేని నిర్మాతకు ఇది మేలే. నేను కోరేది రెండే. ఏ లింకు ఎందుకు తీయించారో జనానికి తెలిసేలా పెట్టాలి. పొరపాటున తమది పోయిందనే మనిషి మాట వినే అధికారి ఒకరుండాలి. దీనివల్ల మీ టికెట్ ఒక్కటి కూడా తగ్గదు.

గురజాడ, గిడుగు, చాసోల పాత ప్రచురణలు స్కాన్ చేసి పిల్లలకు పంపుదామనుకుంటున్నాను. ఇదీ పైరసీయేనా?
— తెలుగు మాస్టారు, చీపురుపల్లి

మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది, ఆ లెక్క మరుసటి సంవత్సరం నుంచి మొదలవుతుంది. గురజాడ 1915లో, గిడుగు 1940లో పోయారు. వారి రచనలు ఇప్పుడు అందరివీ. నిక్షేపంగా పంపండి. తర్వాతివాళ్ళు రాసిన పీఠికలు, వివరణలు మాత్రం వదిలెయ్యండి, వాటి హక్కులు వేరు. చాసో పోయింది 1994లో. కాబట్టి 2054 చివరిదాకా వారి కథలకు హక్కుదారులుంటారు, అడిగి తీసుకోండి.

ఈ పని చేసేవాళ్ళు ఇంకో సంగతి తెలుసుకోవాలి. మన పాత తెలుగు పుస్తకాల స్కాన్లు వేలకొద్దీ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత నెట్ గ్రంథాలయంలో ఉన్నాయి. 2017 ఆగస్టులో రెండు హిందీ సినిమాల కోసం మద్రాసు హైకోర్టు మూయమన్న రెండున్నర వేలకు పైగా సైట్ల జాబితాలో అదీ చేరిపోయింది. నేను ఒక పాత పత్రిక సంచికలకు విషయసూచిక తయారు చేస్తూ మధ్యలో ఉన్నాను. పేజీ తిప్పితే టెలికాం శాఖ ఆదేశాల మేరకు మూసేశామన్న ఒక్క వాక్యం వచ్చింది. ఎవరి ఫిర్యాదో, ఎవరిని అడగాలో అందులో లేదు. తమకూ ఎవరూ చెప్పలేదని ఆ సంస్థ అన్నది. తర్వాత తెరిచారు, కానీ జాబితా రాసినవాళ్ళు ఒక్కసారి ఆ సైటు తెరిచి చూసి ఉంటే ఆ పేరు అందులో చేరేదే కాదు. కాబట్టి మాస్టారూ, దించుకున్న ప్రతి స్కానూ మీ హార్డ్ డిస్కులో ఒక కాపీ ఉంచుకోండి.

మా తప్పెటగుళ్ళ దళం జాతరలో ఆడిన వీడియో నెట్‌లో పెట్టాం. ఒక పాటల కంపెనీ అది తమదని చెబితే సైటువాళ్ళు తీసేశారు. మా తాతల నాటి పాట వాళ్ళదెలా అవుతుంది?
— దళం గురువు, గంట్యాడ మండలం

గురువుగారూ, ఆ పాట ఎవరి సొత్తూ కాదు. అయితే అదే పాటను ఎవరైనా పాడించి రికార్డు చేస్తే, ఆ రికార్డింగు మీద వాళ్ళకు హక్కుంటుంది. సైట్లలో మనుషులకు బదులు యంత్రాలే ధ్వనిని పోల్చి చూస్తాయి. రొమ్ము మీద తప్పెట దరువు, గజ్జెల చప్పుడు, పాట వరస ఒకేలా ఉండేసరికి మీ గొంతును వాళ్ళ రికార్డింగు అనుకుని ఉండొచ్చు. ముందు ఆ వీడియో మొత్తం ఒకసారి వినండి. జాతర మైకులో సినిమా పాట ఏదైనా వెనక వినబడుతోందా? ఉంటే ఆ ముక్క తీసేసి మళ్ళీ పెట్టండి.

లేదంటే అభ్యంతరం రాయండి. పాట సంప్రదాయానిదని, పాడింది మీ దళమని, ఏ ఊళ్ళో ఏ తేదీన ఆడారో, ఎవరి ఫోనుతో తీశారో రాసి, ఫోనులో ఉన్న అసలు ఫైలు జాగ్రత్త చెయ్యండి. కళాకారులుగా మీ ప్రదర్శన మీద మీకూ చట్టం యాభై ఏళ్ళ హక్కు ఇచ్చింది, ఆ మాట కూడా చేర్చండి. కాపీరైట్ చట్టం కింద నోటీసు ఇచ్చి తీయించినవారు 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తేలేకపోతే, సైటువాళ్ళు మళ్ళీ తెరవొచ్చు. అందుకే తీసేసినట్టు వచ్చిన మెసేజ్ తేదీతో సహా ప్రింటు తీసి ఉంచుకోండి. ఇంగ్లిష్‌లో రాయడం కష్టమైతే ఆ ప్రింటు, మీ దళం వివరాలు ఈ పత్రిక చిరునామాకు పంపండి, అభ్యంతరం నేను రాసిపెడతాను.