అజైడ్ స్ఫటికాలపై పరిశోధన: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. పేలే స్వభావమున్న ఒక లోహ అజైడ్ లవణాన్ని తయారుచేసి, దాని స్ఫటిక నిర్మాణాన్ని (స్ఫటికంలో పరమాణువుల అమరికను) కనుగొన్న పరిశోధన పత్రం చదివి, తానూ ఆ దారిలోనే వెళ్తానంటోంది. ప్రమాదం కాదా? బతుకుదెరువు ఉంటుందా?

జవాబు: మీ భయం అర్థం లేనిదేమీ కాదు. మూడు నైట్రోజన్ పరమాణువులు వరుసగా కూర్చున్న అజైడ్ అయాను, సోడియంతో కలిసినప్పుడు వేడి చేస్తే తప్ప విచ్ఛిన్నం కాదు. అదే సీసంతో కలిస్తే చిన్న దెబ్బకే పేలుతుంది, అందుకే ఆ లెడ్ అజైడ్‌ను పేలుడును మొదలుపెట్టే డిటొనేటర్లలో వాడతారు. ఈ తేడాకు కారణం వెతకడానికే స్ఫటిక నిర్మాణం కావాలి. మన సైదాపురం గనుల అభ్రకం రేకులు రేకులుగా ఊడిరావడానికి కారణం దాని పొరల మధ్య బంధం బలహీనంగా ఉండటమే కదా. ఇక్కడా అంతే, రెండు నైట్రోజన్ బంధాల పొడవులు సమానంగా ఉన్నాయా, ఒకటి సాగి బలహీనపడిందా అన్నది ఎక్స్‌రేలతో కొలిస్తే ఆ లవణం తీరు చాలావరకు బోధపడుతుంది. అందుకు మిల్లీమీటరులో నాలుగో వంతు స్ఫటికం చాలు.

ఉపాధి విషయంలో నా అభిప్రాయం ఇది: అమ్మాయి పేలుడు పదార్థాన్ని కాక స్ఫటికశాస్త్రాన్ని తన విద్యగా ఎంచుకోవాలి. పుణెలోని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ప్రయోగశాల హెచ్‌ఈఎమ్‌ఆర్‌ఎల్‌లోనూ, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ అధిక శక్తి పదార్థాలపై (పేలుడు పదార్థాల వంటివాటిపై) పరిశోధన జరుగుతోంది గాని, అక్కడ ఖాళీలు కొన్నే ఉంటాయి. ఔషధ పరిశ్రమకు మాత్రం ఒకే మందు ఎన్ని స్ఫటిక రూపాలు తీసుకుంటుందో చెప్పగలవారు ఎప్పుడూ అవసరమే. రక్తపోటుకు వాడే లోసార్టన్ వంటి మందుల తయారీలోనూ అజైడ్ రసాయనశాస్త్రం ఉందని చెబితే మీకు కొంత ధైర్యం కలగవచ్చు.

ప్రస్తుతానికి ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్ష ద్వారా మంచి సంస్థలో ఎమ్మెస్సీ, తరువాత పీహెచ్‌డీ కోసం సీఎస్‌ఐఆర్ నెట్ లేదా గేట్ పరీక్ష రాయాలి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అందుతుంది కనుక పీహెచ్‌డీ మీకు భారం కాదు.

ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. ఇంట్లో గాని, కాలేజీ ల్యాబులో గాని ఇలాంటి లవణం తయారుచేసే ప్రయత్నం జరగకూడదు. అది ప్రాణాపాయమే కాక 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరం కూడా కావచ్చు. పీహెచ్‌డీకి గైడును ఎంచుకునేటప్పుడు ఆయన ప్రచురించిన పత్రాల సంఖ్యకన్నా ముందు, ఇలాంటి లవణాన్ని ఒక్కసారికి ఎన్ని మిల్లీగ్రాములకు మించి తయారుచేయనివ్వరు, రక్షణ తెర వెనుక పని ఎవరు నేర్పుతారు అని ఆయన్ను అడగమని అమ్మాయికి చెప్పండి.