వారానికి 40 డాలర్లతో అమ్మాయి తిండి గడుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి టెక్సస్‌లో, డల్లాస్ పక్కనున్న రిచర్డ్‌సన్‌లో ఎం.ఎస్. సీటు వచ్చింది. ఎడ్యుకేషన్ లోను కోసం ఖర్చుల పట్టిక ఇమ్మని బ్యాంకు వాళ్ళు అడుగుతున్నారు. తిండికి వారానికి 40 డాలర్లు రాస్తే చాలు, తక్కువ పడితే పార్ట్‌టైం చేసుకుంటుందిలే అని కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పారు. అమ్మాయికి వంట అంతంతమాత్రం. ఎవరితోనూ పొసగదని, ఒక్కతే గది తీసుకుంటానంటోంది. ఒక్క మనిషికి సరుకులకు నిజంగా ఎంతవుతుంది?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు:

అమ్మా, 40 రాయకండి. 80 రాయండి. అందులో 65 సరుకులకు, 15 బయట తినడానికి. ఏడాదికి 4,160 డాలర్లవుతుంది. డాలరు 88 రూపాయలనుకుంటే మూడు లక్షల అరవై ఆరు వేలు. వాళ్ళు చెప్పిన లెక్కకు సరిగ్గా రెట్టింపు. లోను పెరుగుతుందని మీకు భయం వేస్తుంది, నాకు తెలుసు. అయినా ఈ ఒక్క పద్దులో మాత్రం పిసినారితనం వద్దని ఎందుకంటున్నానో చెబుతాను.

65 అన్నది నేను గాల్లోంచి తీసిన అంకె కాదు. ఇంట్లో వండుకుని పొదుపుగా తింటే ఎంతవుతుందో అమెరికా వ్యవసాయ శాఖ లెక్కగడుతుంది. పేదలకిచ్చే స్నాప్ అనే ఆహార సాయాన్ని ఆ లెక్క మీదే నిర్ణయిస్తారు, మన రేషన్ కార్డు లాంటిది అనుకోండి. 2025 అక్టోబరు నుంచి నలుగురున్న ఇంటికి నెలకు గరిష్ఠంగా 994 డాలర్లు, ఒక్కరే ఉంటే 298. విదేశీ విద్యార్థులకు ఆ సాయం రాదు, దానికి దరఖాస్తు పెట్టకూడదు కూడా. మనకు కావలసింది ఆ కొలత మాత్రమే. 994ని నలుగురికి పంచితే తలకు 248 పైచిలుకు. ఒక్కరే ఉన్న మనిషికి మాత్రం 298. అంటే 20 శాతం ఎక్కువ. ఒంటరిగా వండుకునేవాళ్ళకు తలసరి ఖర్చు అంత ఎక్కువవుతుందని ప్రభుత్వమే ఒప్పుకుని కలిపి ఇస్తోంది. వారానికి చూస్తే నలుగురిలో ఒకరికి 57, ఒక్కరే ఉంటే 69. నా 65 ఈ రెంటికీ మధ్యలో పడుతుంది. ఇది గట్టిగా పొదుపు చేసేవాళ్ళ లెక్క అని గుర్తుంచుకోండి.

ఆ తేడా ఎక్కడ పుడుతుందో వంటింట్లో నిలబడి చూస్తే తెలుస్తుంది. అక్కడ పాలు చవగ్గా పడాలంటే గ్యాలను డబ్బా కొనాలి, అంటే 3.78 లీటర్లు. ఇండియన్ స్టోరులో పెరుగు పెద్ద డబ్బా 5 పౌండ్లు, రెండు కిలోల పైనే. కొత్తిమీర కట్ట మూడు రోజులకే నల్లబడుతుంది. మీ అమ్మాయి ఒక్కతే ఉంటే పెద్ద డబ్బా కొని సగం పారబోస్తుంది, లేదా చిన్న డబ్బా ఎక్కువ రేటుకు కొంటుంది. నలుగురుంటే ఆ డబ్బా నాలుగు రోజుల్లో ఖాళీ.

నా దగ్గర కౌన్సెలింగ్ తీసుకుని వెళ్ళిన ఒకమ్మాయి తన మొదటి బిల్లు ఫోటో తీసి నాకు పంపింది. 20 పౌండ్ల సోనామసూరి బస్తా, కందిపప్పు, నూనె, చింతపండు, పసుపు, కారం, ఉల్లిపాయలు, గుడ్లు. మొత్తం 92 డాలర్లు. కింద ‘సార్, మీరు చెప్పినదానికంటే ఎక్కువైంది, నేనేం తప్పు చేశాను’ అని రాసింది. తప్పేమీ లేదు. ఆ బస్తాలో తొమ్మిది కిలోల బియ్యం ఉన్నాయి, కారం పొడి మూడు నెలలొస్తుంది. రెండో వారం 38 అయింది, మూడో వారం 41. బస్తా అడుగంటిన వారం మళ్ళీ 85కి ఎగిరింది. అందుకే ఏ ఒక్క వారం బిల్లు చూసీ కంగారుపడకూడదు, ఏడెనిమిది వారాలు రాసుకుని సగటు తీయాలి. ‘నాకు వారానికి 40 చాలు’ అని గట్టిగా చెప్పే సీనియర్లు చాలామంది బస్తా కొనని వారాలనే గుర్తుపెట్టుకుంటారు. నలుగురు కలిసి, మూడు పూటలా వండుకుని, ఎవరూ వంతు ఎగ్గొట్టకపోతే నిజంగానే 40తో గడిపినవాళ్ళూ ఉన్నారు, కాదనను. వంట అంతంతమాత్రమైన మీ అమ్మాయి మొదటి సెమిస్టరులోనే ఆ పని చేయగలదని నేను నమ్మను.

ధరలు కూడా మన చేతిలో ఉండవు. 2023 జులైలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు అమెరికాలో మనవాళ్ళు ఇండియన్ స్టోర్ల ముందు బస్తాల కోసం బారులు తీరారు, కొన్నిచోట్ల ఇంటికి ఒక బస్తానే ఇచ్చారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరులో గాని పోలేదు. 2025 మార్చిలో బర్డ్ ఫ్లూ దెబ్బకు డజను గుడ్ల సగటు ధర 6 డాలర్ల 23 సెంట్లకు చేరింది. తర్వాత దిగింది. విద్యార్థికి చవకగా దొరికే మాంసకృత్తులు గుడ్డే కదా, ఆ రోజుల్లో పిల్లలకు బాగా తగిలింది.

బయటి తిండికి 15 విడిగా ఎందుకు రాయమన్నానంటే, టెక్సస్‌లో బియ్యం, పప్పు, కూరగాయల మీద సేల్స్ ట్యాక్స్ లేదు. హోటల్ తిండి మీద ఆ ప్రాంతంలో 8.25 శాతం ఉంది, పైన టిప్పు. 15 డాలర్ల బిర్యానీ చేతికొచ్చేసరికి పద్దెనిమిదిన్నర. అంటే వారానికి ఒక్క బిర్యానీకి కూడా నా 15 చాలదు. పదిహేను రోజులకొకసారి స్నేహితులతో వెళ్ళి తింటుంది, తిననివ్వండి.

ఇక అసలు విషయం. ‘తక్కువ పడితే పార్ట్‌టైం’ అన్న మాట నన్ను బాధపెట్టింది. ఎఫ్-1 వీసా మీద వెళ్ళిన విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో మామూలుగా క్యాంపస్‌లో మాత్రమే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయాలి. ఆ ఉద్యోగాలు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. టెక్సస్‌లో కనీస వేతనం గంటకు 7 డాలర్ల పావు. దిగిన నెలలోనే దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది దొరకనప్పుడు పిల్లలు ఎక్కడికి వెళ్తారో మీకూ తెలిసే ఉంటుంది. పెట్రోలు బంకులో, హోటల్ వంటగదిలో చేతికి డబ్బులిచ్చే పని. అనుమతి లేకుండా అలా చేస్తే వీసా స్టేటస్ పోతుంది. చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకోవడానికి రావలసిన పన్నెండు నెలల అనుమతి (ఓపీటీ), ఆ పైన సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల (స్టెమ్) కోర్సులవాళ్ళకు వచ్చే ఇరవై నాలుగు నెలల పొడిగింపు, తర్వాత హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా, అన్నీ ఆ స్టేటస్ మీదే నిలబడి ఉంటాయి. లక్షా ఎనభై వేలు మిగిల్చబోయి మొత్తం లోనునే పణంగా పెట్టినట్టవుతుంది.

కొన్నేళ్ళ కిందట ఒకబ్బాయి విషయంలో నేనే ఈ లెక్క సరిగ్గా అడగలేదు. ఫీజు చూశాను, అద్దె చూశాను, తిండి దగ్గర వాళ్ళు రాసిన అంకెనే ఉండనిచ్చాను. అక్టోబరులో ఫోన్ చేశాడు. రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా ఒక బంకులో ఉంటున్నాడట, రెండు సబ్జెక్టుల్లో మార్కులు పడిపోయాయట. ‘నాన్నను ఇంకా అడగడానికి నోరు రాలేదు సార్’ అన్నాడు. వారానికి పాతిక డాలర్లు అటూ ఇటూ. దానికోసమే ఆ పిల్లాడు అంత పని చేశాడు. అప్పటి నుంచి నేను ఎవరి పట్టిక చూసినా మొదట తిండి గడే చూస్తాను.

అందుకని మీరు చేయవలసినవి చెబుతాను. వీసా కోసం యూనివర్సిటీ పంపిన ఐ-20 అనే పత్రం మొదటి పేజీలో ఖర్చుల అంచనా ఉంటుంది, పైన ఎన్ని నెలలకో రాసి ఉంటుంది. చాలావాటిలో 9 నెలలే ఉంటుంది. వేసవి మూడు నెలలు కూడా అమ్మాయి తినాలి కాబట్టి బ్యాంకుకు 12 నెలల లెక్క ఇవ్వండి. ఫీజు నేరుగా యూనివర్సిటీకి, జీవన ఖర్చులు విడిగా, సెమిస్టరు ముందు విడుదలయ్యేలా అడగండి. మొదటి నెలకు కుక్కరు, గిన్నెలు, మసాలా దినుసుల కోసం మరో 200 డాలర్లు కలపండి.

గది విషయంలో అమ్మాయితో మీరే ఒకసారి కూర్చోండి. సరుకుల్లోనే తేడా వారానికి పదకొండున్నర డాలర్లు, ఏడాదికి యాభై వేల రూపాయల పైమాట. అద్దెలో తేడా ఇంకా చాలా పెద్దది. ఎవరితోనూ పొసగదన్న పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఒకటుంది. బియ్యం, పప్పు, నూనె, పాలు, ఉల్లి, టమాటా ఉమ్మడి. చికెన్, పండ్లు, చిరుతిళ్ళు ఎవరివి వాళ్ళవి, ఫ్రిజ్‌లో తలా ఒక అర. లెక్క ఆదివారం రాత్రే తేల్చుకోవాలి, నెలాఖరు దాకా నానబెడితే గొడవలొస్తాయి. ఇద్దరితో ఉన్నా ఒక్కతే ఉన్నదానికంటే నయం. ఇల్లు చూసేటప్పుడు అద్దెతో పాటు వాల్‌మార్టో, ఆల్డీయో, అలాంటి చవక సరుకుల దుకాణం నడిచి వెళ్ళే దూరంలో ఉందా, బస్సు ఉందా అని కనుక్కోమనండి. కారు లేనివాళ్ళకు టెక్సస్‌లో సరుకుల బిల్లు మీద ఊబర్ బిల్లు కూడా పడుతుంది. తను వెళ్ళేది యూటీ డల్లాస్‌కైతే (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్, డల్లాస్) అక్కడ కామెట్ కప్‌బోర్డ్ అని విద్యార్థులకు ఉచితంగా సరుకులిచ్చే చోటు ఉంది. ఇబ్బంది వచ్చిన వారం అక్కడికి వెళ్ళడంలో సిగ్గుపడవలసిందేమీ లేదని మీ నోటితో చెప్పి పంపండి, మీరు చెబితేనే వింటుంది.

వెళ్ళేలోపు ఇంకా నెలలున్నాయి కదా. పప్పు, చారు, గుడ్డు కూర, చికెన్, ఒక వేపుడు, ఈ ఐదూ మీ సాయం లేకుండా చేసేదాకా వంటింటిని తనకే వదిలేయండి. పెట్టెలో ఆవకాయ, కందిపొడి పెట్టండి. కోడి పచ్చడి, మాంసం పచ్చడి, పచ్చి కరివేపాకు మాత్రం వద్దు, అక్కడి ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. తినేవి ఏం తెచ్చినా కస్టమ్స్ దగ్గర ఉన్నాయని చెప్పేయమనండి. పట్టిక తయారయ్యాక బ్యాంకుకు ఇచ్చేముందు నాకోసారి పంపండి, తిండి గడి నేను చూసి ఇస్తాను.