ఏది దీర్ఘం, ఎక్కడ ఊనిక? ఇంగ్లీషు పలుకుబడిపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా పాప రెండో తరగతి. ‘కేక్’లో లాంగ్ ఏ ఉంది, ‘కార్’లో లేదు అని టీచర్ చెప్పారట. చెవికి ‘కా’ కూడా దీర్ఘమే కదండీ? (ఒక తల్లి, తెనాలి)

జవాబు: మీరు విన్నదీ సరే, టీచర్ చెప్పిందీ సరే. అక్షరాల ధ్వనులు నేర్పే ఫోనిక్స్ పాఠాల్లో లాంగ్ అంటే అచ్చు తన పేరుతోనే పలకడం. కేక్‌లో ‘ఏ’ అనే అక్షరం పేరే వినబడుతుంది కాబట్టి అది లాంగ్. కార్‌లో ఉన్నది నిజంగా సాగే ‘ఆ’యే అయినా అది అక్షరం పేరు కాదు. అందుకే దాన్ని ఆర్‌తో కలిసిన అచ్చుగా విడిగా నేర్పుతారు. సుమారు 1400 నుంచి 1700 మధ్య ఇంగ్లీషులో దీర్ఘాచ్చుల పలుకుబడి మారిపోయింది. అంతకుముందు నేమ్‌ను దాదాపు ‘నామ’ అని, టైమ్‌ను ‘టీమ’ అని, హౌస్‌ను ‘హూస్’ అని పలికేవారు. ధ్వని మారినా స్పెల్లింగూ, లాంగ్ అనే పేరూ మిగిలాయి. అమెరికన్ డిక్షనరీల్లో అచ్చు నెత్తిన ఉండే అడ్డగీత ఈ లాంగ్‌కు గుర్తు. బ్రిటిష్ డిక్షనరీల్లో అచ్చు పక్కన రెండు చుక్కలుంటే అది సాగే ధ్వనికి గుర్తు. ఒకదాని లెక్కతో రెండోది చదివితే అంతా తారుమారవుతుంది.

మన ఇ, ఈ ల మధ్య తేడా ముఖ్యంగా నిడివిలోనే. ఇంగ్లీషులో ఆ ఒక్కటీ సరిపోదు. ‘షీప్’కు పెదవులు పక్కలకు సాగుతాయి, నాలుక ముందుభాగం బిగుసుకుని పైకి లేస్తుంది. ‘షిప్’కు నాలుక వదులై కాస్త కిందికి, మన ‘ఎ’ వైపు దిగుతుంది. పరీక్ష ఇలా చేయించండి: షిప్‌లో అచ్చును రెండు సెకన్లు లాగి పలకమనండి. అది షీప్ అయిపోతే నాలుక ఇంకా ‘ఈ’ దగ్గరే ఉందన్నమాట. పైగా ప్, ట్, క్‌ల ముందు ఏ అచ్చయినా కుదించుకుపోతుంది, బ్, డ్, గ్‌ల ముందు సాగుతుంది. అందుకే ‘బీట్’లోని దీర్ఘం, ‘బిడ్’లోని హ్రస్వం నిడివిలో దగ్గర దగ్గరగా ఉంటాయి. క్యాట్‌లోని షార్ట్ ఏ మాత్రం మనకు కొత్త కాదు. ‘వచ్చాడు’ అన్నప్పుడు చాలామంది నోట ‘చా’లో పలికేది అదే, కాకపోతే కాస్త పొడవుగా.

ప్రశ్న: డిక్షనరీలో మాట మధ్యలో పైన ఒక నిలువుగీత, కింద ఒకటి ఉంటున్నాయి. ఊనిక (స్ట్రెస్) గీతకు ముందు సిలబుల్‌కా (ఒక్క ఊపులో పలికే మాట ముక్క), తర్వాతి దానికా? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, మెరియం-వెబ్‌స్టర్‌లలో గీత తర్వాత వచ్చే సిలబుల్‌కు. అమెరికన్ హెరిటేజ్ వంటి కొన్నింటిలో గీత ముందున్న సిలబుల్‌కు. చేతిలో ఉన్నది ఏ రకమో తేల్చుకోవడానికి ‘అబౌట్’ తీసి చూడండి. దానికి ఊనిక ‘బౌట్’ మీదే. గీత ‘బౌట్’ ముందుంటే మొదటి రకం, చివర ఉంటే రెండో రకం. మొదటి రకంలో పైగీత ప్రధాన ఊనికకు, కిందగీత చిన్న ఊనికకు. ఎడ్యుకేషన్‌లో పైగీత ‘కే’ ముందు, కిందగీత ‘ఎ’ ముందు ఉంటాయి.

ఊనిక అంటే గట్టిగా అరవడం కాదు. ఆ సిలబుల్‌ను సాగదీసి, శ్రుతి పెంచి, మిగతా వాటిని నలిపేయాలి. మనం ఎక్కువగా వదిలేసేది ఈ నలపడమే, ఎందుకంటే తెలుగులో ప్రతి అక్షరానికీ దాని నిడివి దానికి ఇస్తాం. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక ‘ఫో’ మీద. ‘ఫటాగ్రఫీ’లో అది ‘టా’ మీదికి జరుగుతుంది, ‘ఫో’ కాస్తా ‘ఫ’ అవుతుంది. ‘ఇక్’తో ముగిసే మాటల్లో సాధారణంగా దాని ముందు సిలబుల్ మీద పడుతుంది కాబట్టి ‘ఫోటోగ్రాఫిక్’లో ‘గ్రా’ మీద. మనవాళ్లు తరచూ తప్పేవి: డెవలప్‌లో ‘వె’, కమిటీలో ‘మి’, హోటల్‌లో ‘ట’, ఈవెంట్‌లో ‘వెంట్’ మీద ఊనిక రావాలి. సాధనకు రబ్బరు బ్యాండ్ చాలు. రెండు బొటనవేళ్లకు తగిలించి, ఊనిక ఉన్నచోట మాత్రమే లాగండి.

ప్రశ్న: బిగినింగ్‌లో రెండు ఎన్‌లు, విజిటింగ్‌లో ఒకటే టీ. ఏమిటీ లెక్క? (పోటీ పరీక్షల అభ్యర్థి, గుంటూరు)

జవాబు: లెక్క ఊనికదే. క్రియ చివర ఒకే అచ్చు అక్షరం, ఒకే హల్లు ఉండి, ఊనిక చివరి సిలబుల్ మీద పడితే ఇంగ్, ఎడ్ చేర్చేటప్పుడు హల్లు రెట్టిస్తారు. ‘బిగిన్’లో ఊనిక చివర, ‘విజిట్’లో మొదట. ప్రిఫర్డ్‌కు రెండు ఆర్‌లు ఉన్నా, ప్రిఫరెన్స్‌లో ఊనిక మొదటికి జరిగింది కాబట్టి ఒకటే. ట్రావెలింగ్ మినహాయింపు: బ్రిటిష్ పద్ధతిలో రెండు ఎల్‌లు, అమెరికన్ పద్ధతిలో ఒకటి. హల్లు రెట్టించేది దాని ముందున్న అచ్చు షార్ట్ అని చెప్పడానికే. డైనర్‌కు ఒక ఎన్, డిన్నర్‌కు రెండు. అయినా మన ‘అన్నం’లోలా ఆ ఎన్‌ను నొక్కి పలకకూడదు.

ప్రశ్న: రెజ్యూమే స్పెల్లింగులో ‘ఈ’ల మీద ఏటవాలు గీతలు తప్పనిసరా? (ఉద్యోగార్థి, హైదరాబాద్)

జవాబు: కాదు. రెండూ పెట్టినా, చివరిదొక్కటే పెట్టినా, అసలు పెట్టకపోయినా చెల్లుతుంది. అవి ఫ్రెంచి నుంచి వచ్చిన గుర్తులు. ఆ ‘ఈ’ ఎలా పలకాలో చెబుతాయే తప్ప ఊనికకు సంబంధం లేదు. ఊనిక ‘రె’ మీద. గీతలు లేకపోతే తిరిగి మొదలుపెట్టడం అనే అర్థమున్న ‘రిజ్యూమ్’కూ దీనికీ స్పెల్లింగు ఒకటే అవుతుంది, కానీ ఉద్యోగ దరఖాస్తులో ఎవరూ పొరబడరు. ఫైలు పేరులో మాత్రం గీతలు వద్దు, కొన్ని సిస్టమ్‌లలో ఆ అక్షరాలు చెదిరిపోతాయి.