కలకత్తాలోని అంతర్జాతీయ గణాంక కోర్సు పర్లాకిమిడి విద్యార్థులకు పనికొస్తుందా?

ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో విదేశాలతో కలిసి నడిపే కోర్సు ఉందట, ప్లస్ టూ చదివే మా అమ్మాయిని చేర్చవచ్చా అని పర్లాకిమిడి నుంచి అడిగారు.

అది పిల్లల కోర్సు కాదండీ. 1950లో అంతర్జాతీయ గణాంక సంస్థ, కలకత్తా ఇన్‌స్టిట్యూట్ కలిసి, యునెస్కో, భారత ప్రభుత్వాల అండతో ఈ కోర్సు నడిపే అంతర్జాతీయ గణాంక విద్యా కేంద్రం పెట్టాయి. ముఖ్యంగా ఆసియా, ఆఫ్రికా దేశాల గణాంక శాఖల ఉద్యోగుల కోసం. పాఠాలు ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది, మనిషిని వాళ్ల ప్రభుత్వం పంపుతుంది. ఐటెక్ (విదేశీ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే భారత ప్రభుత్వ పథకం) కింద వచ్చేవాళ్ల విమాన ఛార్జీ, బస, భత్యం మన విదేశాంగ శాఖ భరిస్తుంది. తంటా అంతా వాళ్ల ప్రభుత్వ సిఫార్సు దగ్గరే. ఫైలు అక్కడ ఆగితే గడువు దాటిపోతుంది. సీనియారిటీ చూసి పంపితే, లెక్కల పునాది లేనివాళ్లు శాంప్లింగ్ (కొన్నిటిని చూసి మొత్తాన్ని అంచనా వేసే) సిద్ధాంతం దగ్గరే చతికిలబడతారు.

మీ అమ్మాయికి దారి బి.స్టాట్, అంటే అదే ఇన్‌స్టిట్యూట్‌లో గణాంకశాస్త్ర డిగ్రీ. ప్లస్ టూలో లెక్కలు, ఇంగ్లిష్ ఉండాలి. ప్రవేశ పరీక్షలో ఆబ్జెక్టివ్ కంటే, వివరంగా రాసే పేపరే ఎక్కువమందిని దెబ్బతీస్తుంది. వరుస మూడు పూర్ణసంఖ్యల లబ్ధం 6తో ఎందుకు భాగింపబడుతుందంటే, నాలుగు ఉదాహరణలు రాస్తే చాలదు. వాటిలో కనీసం ఒకటి సరిసంఖ్య, ఒకటి 3 గుణిజం తప్పక ఉంటాయని రుజువు చేయాలి.